కప్పిన మట్టి: మా మిద్దె తోట ఎండాకాలం డైరీ

మార్చి 2, 2025, ఆదివారం

పోయినేడు ఏప్రిల్ ఆఖరికి తిరుపతిలో మా మిద్దె మీద మిగిలింది నాలుగు కలబంద మొక్కలు, ఒక కరివేపాకు. మిగతాదంతా ఎండిపోయింది. నీళ్ళు పోయక కాదు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా పోసినా. ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా పైకి పరిగెత్తిన రోజులున్నాయి. అయినా వంగ, టమాట, బీర ఒకదాని వెనక ఒకటి పోయినాయి. చివరి బీర తీగ పందిరి మీద తాడులాగా వేలాడిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఈసారి అట్ట కాకూడదు. అందుకే ఈ డైరీ. ఏ రోజు ఏం చేసినానో, దానికి మొక్క ఏం చెప్పిందో రాసి పెట్టుకుంటే తప్పు యాడ జరుగుతా ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు పైన ఉన్న సరంజామా: 200 లీటర్ల నీలం డ్రమ్ములు నడిమికి కోయించినవి 12 సగాలు, గ్రో బ్యాగులు 20, ఇటుకలతో కట్టిన మడి ఒకటి, ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. డ్రమ్ములన్నీ గోడల వెంబడి, కింద దూలాలు పోయిన చోటే పెట్టినాం. తడిసిన మట్టితో సగం డ్రమ్ము నూరు కిలోలు దాటుతుంది. స్లాబు నడిమధ్యలో వరసగా పేరిస్తే తోట పచ్చగానే ఉంటుంది, ఇల్లే కుంగుతుంది. కొత్తగా మిద్దె తోట మొదలుపెట్టేవాళ్ళు విత్తనాల కంటే ముందు ఈ సంగతి చూసుకోండి. ప్రతి డ్రమ్మూ మూడు ఇటుకల మీద కూర్చోవాల. అడుగున గాలి ఆడాల, కారిన నీళ్ళు కంటికి కనబడాల.

ఈరోజు ఆరు డ్రమ్ములు కుమ్మరించినాం. సాయానికి నా ముగ్గురు నేస్తాలు వచ్చినారు. పద్మావతి మహిళా యూనివర్సిటీలో కలిసి చదువుకున్నవాళ్ళం, ఇరవై ఏళ్ళు దాటినా విడిచిపెట్టలేదు. పేర్లు రాయద్దన్నారు కాబట్టి ఊర్లతోనే పిలుస్తా. ఒకామె వాకాడు. ఒకామె చిత్తూరు, వాళ్ళకు మామిడి తోట ఉంది. మూడో ఆమె బాటనీ చెప్తుంది, ఆమె టీచరమ్మ.

మొదటి డ్రమ్ము బోర్లించగానే చిత్తూరు అనింది, "ఇది మట్టి కాదు మే, ఇటిక."

నిజమే. పైన అరంగుళం మందాన తెల్లటి పొర, సున్నం పూసినట్టు. దాని కింద మట్టి బిగిసిపోయి డ్రమ్ము ఆకారంలోనే నిలబడింది. వేర్లన్నీ అంచుల వెంబడి చుట్టలు చుట్టుకోనున్నాయి, నడిమికి ఒక్క వేరూ పోలేదు. అడుగున మూడు బెజ్జాల్లో రెండు మూసుకపోయినాయి. పోసిన నీళ్ళన్నీ మట్టికీ డ్రమ్ముకీ మధ్య సందులోంచి జారిపోయి, మూడో బెజ్జంలోంచి బయటికి వచ్చేసినాయి. నేనేమో కింద నీళ్ళు కారతా ఉండాయి కాబట్టి మొక్క కడుపు నిండిందనుకున్నా.

తెల్లపొర మా బోరు నీళ్ళ ఉప్పు. రోజూ కొంచెం కొంచెం నీళ్ళు పోసినామంటే నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు మాత్రం మిగులుతుంది. ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరగడం దీనివల్లే. పోయినేడు నేనది ఎండదెబ్బ అనుకోని ఇంకా కొంచెం నీళ్ళు చల్లినా.

మార్చి 8, శనివారం

పొర అంతా గీకి పారేసినాం. పాత మట్టిని గడ్డలు చితక్కొట్టి జల్లించి మూడు రోజులు ఎండబెట్టినా. కలిపిన లెక్క: పాత మట్టీ కొత్త ఎర్రమట్టీ కలిపి ఆరు పాళ్ళు, మాగిన దిబ్బెరువు మూడు పాళ్ళు, కొబ్బరి పొట్టు ఒక పాలు, డ్రమ్ముకు రెండు గుప్పెళ్ళు వేపపిండి. దిబ్బెరువు బాగా మాగిందా లేదా అనేదానికి నా దగ్గరుండే పరీక్ష ఒకటే: పిడికెడు తీసుకోని వాసన చూడాల. పేడ వాసన వస్తే ఇంకా కాలేదు. వాన పడిన నేల వాసన రావాల.

బెజ్జాలు మూడున్నవాటిని ఏడు చేసినా. వాటి మీద కుండ పెంకులు బోర్లించినా.

మొక్కలకు ఎరువుగా పోసే జీవామృతం 20 లీటర్లు కలిపినా: కిలో ఆవు పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. నీడలో గోనెసంచి కప్పి రెండు రోజులు, రోజుకు రెండుసార్లు కట్టెతో తిప్పడం. పొయ్యేటప్పుడు ఒకటికి పది పాళ్ళు నీళ్ళు.

నాటింది: పోయిన నెల విత్తి పెంచుకున్న బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, అలసంద మొక్కలు. వంగ, మిరప నారు పెట్టినా. టమాట ఈ కాలంలో వద్దనుకున్నా. మన ఎండకు పూత వచ్చినా నిలవదు, దాని మీద ఆశ పెట్టుకోని నీళ్ళు పోయడం దండగ.

మార్చి 16, ఆదివారం

ఈరోజు సంగతి నిదానంగా రాస్తా.

2022లో జిల్లాలు మార్చినాక తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. కొండ కిందుండే మాకు సముద్రమంటే చెన్నయే గుర్తొచ్చేది. వాకాడు ఎప్పట్నించో అడుగుతా ఉంది, "మా అమ్మ పెరట్లో టెంకాయ మొక్క నాటాల, చెయ్యేస్తారా? పొద్దున్నే తూపిలిపాళెం బీచి చూపిస్తా." గుంత తవ్వేది ఉందంటే చిత్తూరు ఎంత దూరమైనా వస్తుంది. తెల్లారుజామున మూడున్నరకు బయల్దేరినాం.

రేణిగుంట దాటి శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి వంతెన మీద కారు నిదానించినాం. పున్నమి పోయి రెండు రోజులే అయింది, వెన్నెల్లో ఏరంతా ఇసకే. మా తిరుపతి వాళ్ళకు స్వర్ణముఖి అంటే వానల్లో నాలుగు రోజుల నీళ్ళు, మిగతా ఏడాదంతా ఇసక. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు పక్కగా వచ్చి, కాళహస్తి గుడి వెనకగా పారి, నాయుడుపేట మీదుగా వాకాడు ఊరు చేరి అక్కడే సముద్రంలో కలుస్తుంది. మేము కారులో పోయిందీ ఏరు పోయే దారినే. ఏరు ఎండిపోయినా దారి మాత్రం అట్టే ఉంది.

ఆరు కొట్టేసరికి తూపిలిపాళెంలో ఉన్నాం. తూర్పున సముద్రం మీద ఎరుపు లేస్తా ఉంటే, వెనక పడమర సర్వి (సరుగుడు) తోటల మీద ఇంకా చంద్రుడున్నాడు. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా పోతా ఉంది. ఎండ ఎక్కినాక ఈ గాలి తిరగబడుతుంది, మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి ఉప్పు మోసుకోని వస్తుంది. చెప్పులు చేత పట్టుకోని ఉత్తరం దిక్కుగా నడిచినాం. నీళ్ళలోకి దిగలేదు. ఒడ్డు దగ్గరే లోతు పడిపోతుంది, లోపల లాగుడు ఉంటుందని వాకాడు ముందే ఒట్టేయించుకోనింది. ఎండ్రకాయలు మా అడుగుల చప్పుడుకు బొక్కల్లోకి దూరతా ఉండాయి. ఒక్కో బొక్క ముందర అవి తవ్విపోసిన ఇసక చిన్న చిన్న ఉండలు.

కొంచెం దూరం పోయినాక తడి ఇసక మీద నుంచి పైకి ఒక జాడ. చిన్న ట్రాక్టరు టైరు నడిచినట్టు, రెండు వైపులా అడ్డగీతలు. వల సర్దుకుంటా ఉండే పెద్దాయన మమ్మల్ని చూసి, "తాబేలమ్మా. రేత్రి వచ్చి పోయింది," అన్నాడు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా రాత్రిపూట ఈ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒకటిన్నర అడుగు లోతు తవ్వి, ఇంచుమించు నూరు గుడ్లు పెట్టి, ఇసక పూడ్చి, పైన పొట్టతో అదిమి చదును చేసి పోతుంది. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. కొన్ని చోట్ల అటవీ శాఖ వాళ్ళు గుడ్లు తీసి కంచె వేసిన చోట పొదిగిస్తారు. గుంత ఎంత వెచ్చగా ఉంటే అంత మంది ఆడపిల్లలని టీచరమ్మ చెప్పింది. మేము ఆ జాడకు దూరంగా చుట్టు తిరిగి పోయినాం.

పెద్దాయన కూడా కాసేపు మాతో మాట్లాడినాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. మరబోట్లు, మోటారు పడవలు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. "సముద్రానిక్కూడా బీడు పెట్టాలమ్మా, చేను మాదిరే," అన్నాడు.

అలలు తాకే గీత దాటి పైకి పోతే ఇసక తిన్నెలు. ఆ తిన్నెల మీద పరుచుకోనున్న తీగను చూసి నేను ఆగిపోయినా. ఆకు మందంగా, కొన దగ్గర రెండుగా చీలి, అచ్చం మేక గిట్టలాగా. గొట్టం ఆకారంలో ఊదారంగు పూలు. బాలబంద తీగ అంటారని టీచరమ్మ చెప్పింది. ఉప్పు గాలి, ఇసక, నీడ అనేదే లేని ఎండ. ఎరువేసినోళ్ళు లేరు, చెంబెడు నీళ్ళు పోసినోళ్ళు లేరు. అయినా ఇరవై, ముప్పై అడుగుల పొడవున పచ్చగా పాకింది. ప్రతి కణుపు దగ్గరా వేరు దించింది.

నేను మోకాళ్ళ మీద కూచోని తీగ లేని చోట వేలు గుచ్చినా. అప్పటికి ఏడున్నర. పొడి ఇసక, వేలు పూర్తిగా దిగినా పొడే. మూడు జానల అవతల, తీగ ఆకుల కింద చెయ్యి పెట్టినా. వేలి రెండు కణుపుల లోతులోనే చల్లదనం తగిలింది. ఇంకొంచెం లోపలికి పోతే ఇసక వేలికి అంటుకోనింది. పట్టి పిడికిలి బిగిస్తే ఒక క్షణం ఉండలాగా నిలబడి తర్వాత విడిపోయింది. అదే తిన్నె, అదే మంచు, అదే ఎండ. తేడా అంతా పైనున్న ఆకు.

నా పన్నెండు డ్రమ్ములు అప్పుడు కళ్ళ ముందర కనబడినాయి. ఒక్కదాని మీదా మట్టి కనబడకుండా లేదు. కలుపు రాకూడదని, చూడటానికి శుభ్రంగా ఉండాలని రోజూ పైమట్టి గీకి నున్నగా పెట్టుకుంటా ఉన్నా. ఇంటి ముందర కళ్ళాపి చల్లే వాకిలి మాదిరి.

"ఈ తీగను తీసేస్తే ఈ తిన్నె కూడా పోతుంది," అనింది టీచరమ్మ. "గాలికి ఎగిరే ఇసకను ఆకులు ఆపుతాయి. ఆపిన ఇసకలో మళ్ళీ తీగే వేరు దించుతుంది. తిన్నె అట్టా పెరుగుతుంది." పక్కనే రావణాసురుని మీసాలు, ముల్లు ముల్లుగా ఉండే గడ్డి. ఆడ మొక్క ఎండిన గింజల గుత్తి ముళ్ళ బంతిలాగా ఉంటుంది. గాలికి ఒకటి ఊడి ఇసక మీద గంతులేస్తా పోతే చిత్తూరు దాని వెంట చిన్నపిల్లలాగా పరిగెత్తింది. బంతి ఒక తీగ మొదట్లో తగులుకోని ఆగింది. అట్ట ఆగిన చోటే గింజ పడుతుంది, అక్కడే మొలుస్తుంది.

ఒక కొమ్మ కోసుకోని పోదామా అని నాకు ఆశ పుట్టింది. తుంచితే బతుకుతుంది కూడా. కానీ ఆ ఒడ్డు మీద ఆ తీగ చేసే పని మా మిద్దె మీద చెయ్యదు. వదిలేసినా. తీసుకపోయిన గోనెసంచి మాత్రం నిండింది, ప్లాస్టిక్ సీసాలతో, తెగిన నైలాను వల ముక్కలతో.

ఎనిమిదిన్నరకు వాకాడు వాళ్ళ అమ్మ ఇంటికి చేరినాం. మేమందరం పెద్దమ్మ అంటాం. పులిబొంగరాలు, అల్లం పచ్చడి పెట్టి, మేము తినేలోపలే పార, గడ్డపార వాకిట్లో పెట్టేసింది. "ఎండెక్కినాక మీరు తవ్వలేరు. ముందు గుంత, తర్వాత కబుర్లు."

పెరడంతా ఇసక నేల. తవ్వడం తేలికే, నిలబెట్టడమే కష్టం. పక్కల నుంచి జారి మళ్ళీ గుంతలో పడుతుంది. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తవ్వేసరికి పదిన్నర అయింది. నేను మట్టి నింపబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకోని ఆపింది.

"ఆగు తల్లీ. ఇసక నీళ్ళు తాగదు, దాటేస్తుంది. పట్టుకునేదాన్ని కింద పెట్టాల."

గోడ పక్కన కుప్పేసి ఉండే కొబ్బరి డొక్కలు చూపించింది. గుంత అడుగున వాటిని వరసగా పేర్చినాం, దోసిలి పట్టినట్టు లోపలి వైపు పైకి పెట్టి. దాని మీద కొంచెం ఇసక, మళ్ళీ ఇంకో వరస డొక్కలు. నేను రెండు బోర్లా పెట్టినా తెలియక. పెద్దమ్మ వంగి తిప్పింది. "బోర్లించిన చిప్పలో నీళ్ళు నిలుస్తాయా?" డొక్క పీచు నీళ్ళు పీల్చుకోని రోజుల తరబడి మెల్లమెల్లగా వదులుతుంది. దాని మీద చెరువు మన్ను, దిబ్బెరువు, తవ్విన ఇసక కలిపి నింపి, నడుమ టెంకాయ మొక్క పెట్టినాం. కాయ కనీకనబడకుండా, మొవ్వులోకి ఇసక పడకుండా. చుట్టూ పాదు చేసి, ఎండిన మట్టలు ముక్కలు చేసి కప్పినాం.

పక్కనే బీర పాదు. దాని నడుమ నేలకు సమంగా ఒక మట్టి చట్టి పూడ్చి ఉంది, పైన చిల్లపెంకు మూత. మూత తీస్తే లోపల సగం నీళ్ళు. మూడు రోజులకోసారి నింపుతుందంట. చట్టి చెమ్మగిల్లి చుట్టూ మట్టికి నీళ్ళు ఇస్తుంది, వేర్లు వెతుక్కోని దాన్నే చుట్టుకుంటాయి. నూనె తాగిన పాత చట్టి పనికిరాదు, రంగేసింది అసలే పనికిరాదు, చెమట పట్టే చట్టి కావాల.

చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేసింది పెద్దమ్మ. అన్నాల దగ్గర చిత్తూరు వాళ్ళ తోట సంగతి చెప్పింది. తోతాపురి పిందెలు గోలీలంత అయినాయి, కొన్ని రాలతా ఉండాయి. వాళ్ళ నాయన ఇదివరకు చెట్ల కింద రాలాకు ఊడ్చి తగలబెట్టేవాడు. మూడేళ్ళుగా చెట్టు కిందే వదిలేస్తా ఉండాడు, డ్రిప్పు పైపు కూడా ఆకు కిందే నడుస్తుంది. "మేము ఆకు కాల్చడం మానేసినాక మట్టిలో ఎర్రలు కనబడినాయి," అనింది. ఇన్నాళ్ళూ ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నీ డ్రమ్ములు అద్దం మాదిరి పెట్టుకోనుంటావు, చెత్త వెయ్యమంటే ఏమనుకుంటావో అని," అనింది.

తిరుపతికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. నడుము పట్టేసింది. డిక్కీలో రెండు సంచుల కొబ్బరి డొక్కలున్నాయి.

మార్చి 22, శనివారం

ఈ వారం చేసింది. డొక్కలు ముక్కలు కొట్టి ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆ ఎర్రనీళ్ళు పారబోసినా. మళ్ళీ ఒకసారి నానబెట్టినా. పీచులో ఉండే వగరు, ఉప్పు లేత వేర్లకు మంచిది కాదు. ఖాళీగా ఉండే నాలుగు డ్రమ్ముల అడుగున రెండు వరసలు పేర్చి పైన మట్టి నింపినా. ఇందులో ఒక లాభం ఉంది, ఇసక నేలలో పెద్దమ్మకు అక్కర్లేనిది: మట్టి తగ్గుతుంది, డ్రమ్ము బరువూ తగ్గుతుంది.

పైన కప్పడానికి గానుగ దగ్గర నుంచి చెనిక్కాయల (వేరుశనగ) పొట్టు మూడు మూటలు తెచ్చినా. రెండంగుళాల మందం. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళు వదిలినా, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. పొట్టు మట్టిలో కలపకూడదు, పైనే ఉండాల. కలిపితే అది కుళ్ళేటప్పుడు మొక్కకు పోవాల్సిన నత్రజనిని తనే తినేస్తుంది.

టీచరమ్మ ఫోన్ చేసి, అన్నీ ఒకేసారి కప్పేస్తే తేడా ఎట్ట తెలుస్తుంది అనింది. మంచి మాట. అందుకే నాలుగు డ్రమ్ముల్లో ఒకే వయసు వంగ నారు నాటి, రెండు కప్పి, రెండు ఉత్తగా వదిలినా. నీళ్ళు అన్నిటికీ సమానంగా మగ్గుతో కొలిచి పోస్తా. మనసులో మాత్రం కప్పని రెండింటినీ చూస్తే జాలేస్తా ఉంది.

బోరు నీళ్ళ ఉప్పుకు: రోజూ చిలకరించడం మానేసినా. పోసినప్పుడు అడుగు బెజ్జాల్లోంచి కారేదాకా పోస్తా, తర్వాత వేలు పెట్టి చూసి రెండు కణుపుల లోతు ఆరితేనే మళ్ళీ పోస్తా. పదిహేను రోజులకోసారి మునిసిపాలిటీ నీళ్ళు పట్టి పెట్టుకోని నిండుగా పోసి, ఉప్పు కడిగేస్తా.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడికి వేపపూత వీధి చివర చెట్టుది. మామిడికాయ చిత్తూరుది. నలుగురం మిద్దె మీదే కూచోని తాగినాం.

అలసంద పూత పట్టింది. బీర తీగ పందిరి ఎక్కింది. పలమనేరు మట్టి చట్లు నాలుగు తెప్పించి బీర, సొర పాదుల్లో పూడ్చినా. ఒకటి మూడోరోజే పగిలింది. నీళ్ళు లేకుండా ఎండలో వట్టిగా వదిలినా ఒక మధ్యాహ్నం, అది నా తప్పు. పగిలిన పెంకులు మళ్ళీ డ్రమ్ము బెజ్జాల మీదికి పోయినాయి.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

నాలుగు వంగ డ్రమ్ముల లెక్క. మధ్యాహ్నం రెండింటికి చూసినా, ఎండ నడినెత్తి దాటిన వేళ.

కప్పనివి: పైమట్టి చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. వేలు మూడో కణుపు దాకా పొడి. ఆకులు కిందికి వాలి ఉండాయి. సాయంత్రం నీళ్ళు పోసినాక ఒక గంటకు లేస్తా ఉండాయి. తెల్లపొర మళ్ళీ సన్నగా మొదలైంది.

కప్పినవి: పొట్టు పక్కకు తీస్తే మట్టి ముదురు రంగు. రెండో కణుపు దగ్గరే తడి తగిలింది. ఆకులు కొంచెం మెత్తబడినాయి కానీ వాలలేదు. రోజు మార్చి రోజు నీళ్ళు సరిపోతా ఉండాయి. ఒకదానికి మొదటి పూత వచ్చింది. పొట్టు ఎత్తినప్పుడు సన్నటి తెల్లవేర్లు పైకి వచ్చి ఉండాయి, మట్టికీ పొట్టుకీ మధ్య సందులో. ఆ వేర్లను చూసి నేను గబగబా మళ్ళీ కప్పేసినా, నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి సర్దినట్టు.

పరీక్ష చాలు. సాయంత్రమే మిగతా రెండూ కప్పేసినా.

అన్నీ సవ్యంగా ఏమీ లేవు. మొన్న సాయంత్రం గాలి లేచినప్పుడు పొట్టు సగం ఎగిరిపోయి పక్కింటి వాళ్ళ మిద్దె మీద పడింది. పొద్దున్నే పోయి ఊడ్చి వచ్చినా. వాళ్ళేమీ అనలేదు, కాఫీ ఇచ్చినారు. ఇప్పుడు పొట్టు మీద పాత గోనెసంచి ముక్కలు పరిచి అంచుల్లో రాళ్ళు పెట్టినా. ఇటుక మడిలో ఇంకో పని చేసినా. తోటకూర, చుక్కకూర దగ్గర దగ్గరగా చల్లినా, వాటి ఆకులే మట్టిని కప్పేటట్టు. ఒడ్డు మీద ఆ తీగ చేసిందీ ఇదే.

రెండోది చీమలు. ఎండిన పొట్టు కింద గూడు పెట్టినాయి. చీమలతో పాటు బెండ కొనల్లోకి పిండినల్లి వచ్చింది. చీమలు దాని తీపి కోసం కాపలా కాస్తాయి, మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. బెండ కొనలు రెండు తుంచి పారేసినా. మిగతావాటికి లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి పొద్దు గుంకినాక ఆకుల అడుగున తడిసేటట్టు కొట్టినా. నాలుగు రోజులకోసారి, మూడుసార్లు కొట్టాల. పొట్టును కూడా అప్పుడప్పుడు తడిపితే చీమలు నిలవవని చిత్తూరు చెప్పింది, చేసి చూస్తా.

ఏప్రిల్ 13, ఆదివారం

ఎండలు ముదిరినాయి. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటడం తిరుపతికి కొత్త కాదు. పోయినేడు ఇదే వారంలో బీర పోయింది. ఈరోజు అదే పందిరి కింద నిలబడి మూడు పిందెలు లెక్కపెట్టినా. ఒకటి జానెడు ఉంది. నీడవల పడమటి వైపు కట్టినా, సగం పూట ఎండ తగ్గుతుంది.

మొదటి బెండకాయలు పదకొండు కోసినా. నలుగురం పంచుకుంటే మనిషికి మూడు కూడా రాలేదు, టీచరమ్మ తన రెండూ పచ్చివే నమిలేసింది.

పెద్దమ్మ ఫోన్ చేసింది. టెంకాయ మొక్క మొవ్వులోంచి కొత్త ఆకు వేలెడు పైకి వచ్చిందంట, ఇంకా విచ్చుకోలేదంట. ఎల్లుండి నుంచి ఒడ్డున పడవలన్నీ ఆగిపోతాయి, జనం ఖాళీగా ఉంటారు, చెరువు మన్ను తోలుకొచ్చుకోడానికి ఇదే అదును అనింది. ఇంకో గుంత తవ్వాలంట. డొక్కలు నేను పేరుస్తానని చెప్పినా. "దోసిలి పైకి, గుర్తుంది కదా?" అనింది.

పోయేటప్పుడు చెనిక్కాయల పొట్టు ఒక మూట పెద్దమ్మకు తీసుకపోవాల.